కొబ్బరి మొక్కలు పంచాక ఫలితం ఎలా కొలవాలి?

ఉద్దానంలో విదేశీ నిధులతో నడిచే మూడేళ్ల ప్రాజెక్టులో మానిటరింగ్ ఉద్యోగంలో చేరానని, ఎన్ని కొబ్బరి మొక్కలు పంచామన్న లెక్క తప్ప ఇంకేం చూపాలో తెలియడం లేదని అడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలను కూల్చేశాక నేను అక్కడ చేసిన పనీ ఇదే.

ముందు కాలం లెక్క చూడండి. పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. మీ ప్రాజెక్టు మూడేళ్లకే ముగుస్తుంది. అయినా లాగ్‌ఫ్రేములో, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, వాటిని కొలిచే సూచికలు రాసుకునే పట్టికలో, 'కొబ్బరి ద్వారా ఆదాయం పెరుగుదల' అని రాసే ఉంటారు. మూడేళ్లలో అది కనబడదని మొదటి నివేదికలోనే దాత సంస్థకు స్పష్టంగా రాయండి. మొక్క రెండు వేసవులు తట్టుకుందా, వరుసల మధ్య అరటి, కంద వంటి అంతరపంటలు చేతికొచ్చాయా అన్నవి మాత్రం ఇప్పుడే చూడవచ్చు.

బతికిన మొక్కల లెక్కలోనూ జాగ్రత్త అవసరం. కవిటి మండలంలో ఒక తోటలో మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. ఫారం నింపేసి బయల్దేరుతుంటే ఆ ఇంటావిడ ఆపి, ఒక మొక్క మొవ్వు దగ్గర ఆకు విప్పి చూపింది. కత్తెరతో కోసినట్టు త్రికోణాకారపు గాట్లు. కొమ్ము పురుగు పని. "ఇలా చచ్చిపోయిన చోటల్లా మా కాయలతోనే నారు పోసి మళ్లీ నాటుకున్నాం బాబూ" అంది. బతికిన మొక్కల సంఖ్య తప్పు కాదు, కానీ వాటిలో చాలావరకు ఆమె కష్టమే. అప్పటి నుంచి 'ఈ మొక్క ఎక్కడిది?' అన్న ప్రశ్న ఫారంలో చేర్చాం. పురుగు నివారణకు సాయం కావాలన్న సంగతీ అలాగే బయటపడింది. నా దృష్టిలో పంపిణీ లెక్కకన్నా విలువైన సమాచారం అది.

అదే స్థాయిలో నష్టపోయి, మీ మొక్కలు అందని పక్క ఊళ్లోనూ ఇవే ప్రశ్నలు అడగండి. వాళ్లూ సొంతంగా నాటుకుని ఉంటారు. ఆ తేడా తెలియకుండా ఫలితమంతా ప్రాజెక్టుదేనని రాయడం రైతులకు అన్యాయం. జీడి పిక్కల కాలంలో మాత్రం సర్వే పెట్టుకోకండి, ఇళ్లలో ఎవరూ దొరకరు. మగవాళ్లు వలస వెళ్లిన ఇళ్లలో తోట చూసుకునే ఆడవాళ్లనే అడగండి. నీళ్లు పోసేది వాళ్లు, జవాబు తెలిసేదీ వాళ్లకే.

ప్రాజెక్టుల మూల్యాంకనానికి ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాల కూటమి) అభివృద్ధి సహాయ కమిటీ చెప్పే 6 ప్రమాణాల్లో సుస్థిరత ఒకటి, అంటే ప్రాజెక్టు ముగిశాకా మేలు నిలవడం. ప్రాజెక్టు నడుస్తుండగా దాన్ని అంచనా వేయగలమే తప్ప చూడలేం. జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా, పనులు పూర్తయ్యాక మళ్లీ వెళ్లి మూల్యాంకనం చేయిస్తుంది. కాపు మొదలయ్యే ఏడాదికి ఒక్క పర్యటనకైనా డబ్బు కేటాయించమని మీరూ ఇప్పుడే అడగండి. మూడో ఏడాది చివర్లో అడిగితే బడ్జెట్ మిగలదు.