అడిగిందల్లా చేసిపెడితే ఆనందం వస్తుందా?

ప్రశ్న: రొయ్యల మేత కంపెనీలో ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఎక్సెల్ బాగా వచ్చింది నాకొక్కదానికే. జీఎస్టీ రోజులొచ్చాయంటే నలుగురూ నా కుర్చీ చుట్టూనే. కాదనలేను. నా సొంత పని సాయంత్రం ఆరు దాటాక మొదలవుతుంది. సాయం చేస్తే సంతోషం అంటారు కదండీ, నాకు చిరాకు తప్ప ఏమీ మిగలడం లేదు. – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: చిరాకు మీ గుణంలో లోపం కాదండీ. మనస్తత్వ శాస్త్రవేత్తలు నెట్టా వైన్‌స్టీన్, రిచర్డ్ రయాన్ 2010లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే: తమంతట తాము చేసిన సాయం చేసినవాళ్ల మనసును తేలిక చేసింది, మొహమాటానికో ఒత్తిడికో చేసిన సాయం మాత్రం తేలిక చేయలేదు. ఇష్టంగా చేసినప్పుడు సాయం అందుకున్నవాళ్లకీ ఎక్కువ బాగుంది. అంటే మీరు పళ్లు బిగబట్టి చేసిపెడుతుంటే ఎదుటివాళ్లకి దక్కేదీ తక్కువే.

ముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎవరు, ఏమడిగారు, ఎన్ని నిమిషాలు పట్టింది. తర్వాత ఆ జాబితాను మూడు ముక్కలు చేయండి. ఒకసారి నేర్పితే తీరిపోయేవి, నిజంగా మీరే చేయాల్సినవి, అసలు వాళ్ల పనే అయినవి. మొదటి ముక్కే పెద్దదిగా ఉంటుంది. నేర్పేటప్పుడు మౌస్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు పట్టుకుని చకచకా చేసేస్తే ‘ఆహా’ అంటారు, వచ్చే నెల మళ్లీ వస్తారు.

నెలనెలా రిటర్న్ వేసే కంపెనీలకి 2బీ స్టేట్‌మెంట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నులో తిరిగి సర్దుకోగలిగే దాని లెక్క) 14న వస్తుంది, 3బీ (ఆ నెల పన్ను రిటర్న్) 20లోపు వేయాలి. రద్దీ అంతా ఆ ఆరు రోజుల్లోనే. కాబట్టి నేర్పడం 5, 10 తేదీల మధ్య పెట్టుకోండి. రద్దీలో మాత్రం రోజుకో గంట, మూడు నుంచి నాలుగు వరకు, అందరికీ తెలిసేలా కేటాయించండి. ‘కాదు’ అనడం కష్టమైతే అనకండి. ‘మూడింటికి ఫైలు పట్టుకుని రండి’ అనండి. సగం మంది అప్పటికి వాళ్లే చేసేసుకుంటారు. సాయాన్ని ఇలా ఒకచోట చేర్చడానికి మరో ఆధారమూ ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా ల్యుబోమిర్‌స్కీ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వారానికి ఐదు మంచి పనులు చొప్పున ఆరు వారాలు చేశారు. ఐదూ ఒకే రోజు చేసినవాళ్లలో సంతోషం పెరిగింది, వారమంతా చెదురుమదురుగా చేసినవాళ్లలో పెరగలేదు.

నోట్‌బుక్‌లో నిమిషాల మొత్తం మేనేజర్‌కి చూపించండి. ‘అలసిపోతున్నాను’ అంటే సానుభూతి చూపి ఊరుకుంటారు, గంటల లెక్క చూపిస్తే మనిషిని ఇవ్వాలేమో ఆలోచిస్తారు.

ప్రశ్న: రొయ్యల పీలింగ్ షెడ్‌లో సూపర్‌వైజర్‌ని. కూలి కిలోల లెక్కన. పాతవాళ్లు కొత్తవాళ్లకి ఏదీ చూపించరు. చెప్పి చెప్పి విసిగిపోయాను. స్వార్థం అనుకోవాలా? – నరసాపురం

జవాబు: అనుకోకండి. చేయి తిరిగిన ఆమె గంటకి ఐదు కిలోలు ఒలుస్తుందనుకుందాం. పక్కామెకి పది నిమిషాలు చూపిస్తే ముప్పావు కిలోకి పైగా కూలి పోయినట్టే. నిబంధనల్లో రాయని, ప్రతిఫలం లెక్కలోకి రాని తోడ్పాటుకి 1980ల్లో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డెన్నిస్ ఆర్గన్ ‘సంస్థాగత పౌర ప్రవర్తన’ లాంటి బరువైన పేరు పెట్టారు. అయితే అదనంగా ఏమీ రాకపోవడం వేరు, చేతిలో ఉన్న కూలి పోవడం వేరు. మీ షెడ్‌లో జరుగుతున్నది రెండోది.

కొత్త మనిషికి మొదటి ఏడు రోజులు ఒక పాత మనిషిని జతచేయండి. ఆ ఏడు రోజులూ పాతామెకి తన గత పదిహేను రోజుల సగటు కూలికి తగ్గకుండా హామీ ఇవ్వండి. యజమాని గొణిగితే వ్యర్థం లెక్క చెప్పండి: చేయి కుదరనివాళ్లు తల విరిచేటప్పుడు మెడ దగ్గరి కండ తలతోపాటు పోతుంది, నరం తీసేటప్పుడు గాటు లోతుగా పడుతుంది, ఒలిచిన సరుకు ఐసు లేకుండా బల్లమీద ఉండి మెత్తబడుతుంది. వంద కిలోలకి రెండు కిలోలు అలా పోయినా నేర్పే ఖర్చు కంటే ఎక్కువే కావచ్చు. ఏడో రోజు పరీక్ష వేగానికి కాదు, కండ ఎంత నిలిచిందన్నదానికి పెట్టండి. వేగానికి పెడితే పాతామె నేర్పేది తొందరే.

ఐసు మోయడం, ట్రేలు తేవడం లాంటివి వంతులవారీగా, గంట లెక్కన కూలితో పెట్టండి. లేకపోతే మెతకమనిషే రోజూ మోస్తుంది. బోనస్ ఇవ్వాలనుకుంటే బల్లకి ఆరు నుంచి ఎనిమిది మంది చొప్పున, మొత్తం బల్లకి ఇవ్వండి. అసలు కిలో కూలి మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. అదీ కలిపేస్తే నెమ్మదిగా చేసే మనిషిని మిగతావాళ్లు చూపులతోనే వెళ్లగొడతారు. ఒకే ఊరి ఆటోలో వచ్చినవాళ్లంతా ఒకే బల్లకి చేరడం సహజం, విడదీయకండి. బల్లకొక కొత్త మనిషిని మాత్రం చేర్చండి.

ఇవన్నీ చేసే ముందు తూకం సరిచూడండి. ఒకరి ట్రే నీళ్లతో, ఇంకొకరిది నీరు ఓడాక తూస్తుంటే ఏ పథకమూ నిలవదు. న్యాయం జరుగుతోందన్న నమ్మకం ఉన్నచోటే మనుషులు అడగకుండా చేయి వేస్తారు. నీరు ఓడే సమయం అందరికీ ఒకటే అని, గడియారం కనబడేలా పెట్టి తూయండి.

ప్రశ్న: మా నర్సరీలో పాతికమంది పనివాళ్లు. నెలకొకరికి ‘ఉత్తమ సహాయకుడు’ బహుమతి ఇద్దామా? – కడియం

జవాబు: వద్దండి. రెండో నెలకే మీ కళ్లముందు జరిగే సాయం పెరిగి, మీరు లేనప్పటిది తగ్గుతుంది. పని ఎవరికి ఉపయోగపడిందో చూపించడం మేలు. విరాళాల కోసం ఫోన్లు చేసే ఉద్యోగులు ఆ డబ్బుతో చదివిన విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడితే, నెల తర్వాత వాళ్లు ఫోన్‌మీద గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన డబ్బు 171 శాతం పెరిగాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో రాసింది. మీ మొక్కలు లారీ ఎక్కాక ఏమయ్యాయో మట్టి నింపినామెకి తెలియదు. నెల తర్వాత కొన్నవాళ్లని ఒక ఫొటో, అర నిమిషం వాయిస్ మెసేజ్ అడగండి. పదకొండింటి టీ దగ్గర ఫోన్‌లో వినిపించండి. ఆ లోడుకి మట్టి నింపిందెవరు, ఎత్తిందెవరు పేర్లతో చెప్పి, మీ ప్రసంగం మాత్రం మానేయండి.