పనుల చిట్టాకు ఏ యాప్ మంచిది?

ప్రశ్న: నా వయసు 43. బాపట్ల జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. మావారు బ్యాంకు ఉద్యోగి. బదిలీ మీద విశాఖపట్నంలో ఉంటూ రెండు వారాలకొకసారి ఇంటికి వస్తారు. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప పదో తరగతి. అత్తగారు మా దగ్గరే ఉంటారు, ఆవిడకు షుగర్, బీపీ ఉన్నాయి. బడి పని, ఇంటి పని కలిసి ఏది మర్చిపోతానో అని ఎప్పుడూ భయంగానే ఉంటోంది. పనులు రాసుకోవడానికి నాలుగైదు యాప్‌లు వేసుకుని చూశాను. ఆదివారమంతా కూర్చుని రంగులు, విభాగాలు పెట్టుకుంటాను. వారం గడిచేసరికి యాప్ బొమ్మ మీద ఎర్ర అంకె పెరిగిపోయి, తెరవాలంటేనే భయమేసి తీసేస్తాను. ‘ఫోన్‌లో రాసుకుంటే సరిపోతుంది కదా’ అంటారు మావారు. ఈ మధ్య తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. నా చిట్టాను జతచేస్తున్నాను. నాలాంటివారికి తేలికైన యాప్ ఏదో చెప్పండి.

జవాబు: అడిగిన దానికి ముందు జవాబు చెబుతాను. ఎందుకు అదే అన్నది తర్వాత మాట్లాడుకుందాం. మీ పరిస్థితికి మైక్రోసాఫ్ట్ టు డూ సరిపోతుంది. డబ్బు కట్టనక్కరలేదు, ఒక చిట్టాను ఇంట్లో మరొకరితో పంచుకోవచ్చు, ఇద్దరిలో ఎవరు టిక్కు పెట్టినా రెండో ఫోన్‌లోనూ కనిపిస్తుంది. గూగుల్ టాస్క్స్ ఇంతకంటే తేలిక. కానీ అందులో మీ సొంత చిట్టాను ఇంట్లోవారితో పంచుకునే వీలు లేదు, మీకు కావలసింది ముఖ్యంగా అదే. కొత్త ఖాతా తెరవడం కూడా బరువే అనిపిస్తే, మీ జీమెయిల్‌తోనే నడిచే గూగుల్ కీప్‌లో చతురస్రపు గడులున్న ఒక నోటు తెరిచి మీవారికి పంచినా పని జరుగుతుంది. టు డూ, కీప్‌లలో ఒకటి ఎంచుకుని, మూడోదాని గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా ఈ విద్యాసంవత్సరం ముగిసేదాకా వినకండి.

యాప్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది అందులో ఎన్ని సదుపాయాలున్నాయో చూస్తారు. ఊపిరాడనంత పనిలో ఉన్న మనిషి అందులో ఏమేం లేవో చూడాలి. ప్రాధాన్యపు రంగులు, ట్యాగులు, పాయింట్లు, ‘వరుసగా ఇన్ని రోజులు’ అనే లెక్కలు ఉన్న యాప్ మీకు ఇంకో పనిని తెచ్చిపెడుతుంది, ఆ పని పేరు యాప్‌ను నడపడం. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు అంటూ బడిలోనే ఉపాధ్యాయులకు కావలసినంత యాప్ పని ఉంది, దాని విషయంలో మీ ఇష్టానికి తావు లేదు. కనీసం ఇంట్లోని ఈ ఒక్క యాప్ మీరు చెప్పినట్టు వినాలి. ఫోన్ తీసినప్పటి నుంచి ఒక వాక్యం రాసి మూసేదాకా గట్టిగా పది సెకన్లు పట్టాలి. అంతకంటే ఎక్కువ పడితే పొయ్యి దగ్గర నిలబడి ఉన్నప్పుడు మీరు దాన్ని తెరవరు, అక్కడ గుర్తొచ్చిన పని అక్కడే జారిపోతుంది. టైపు చేయడం విసుగైతే కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పండి, రాసుకుంటుంది.

మీ ఆదివారాల గురించి ఒక మాట. రంగులు పెట్టి, విభాగాలు చేసి, పనులన్నీ వరుసలో అమర్చినప్పుడు మనసుకు నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హాయి పని పూర్తయినప్పుడు కలిగే హాయిలాగే ఉంటుంది కనుక మనం మోసపోతాం. సోమవారం ఉదయానికి ఒక్క పనీ తగ్గి ఉండదు, సెలవు మాత్రం అయిపోయి ఉంటుంది. అందుకే కొత్త యాప్‌లో రెండే రెండు చిట్టాలు పెట్టుకోండి: బడి, ఇల్లు. బడి చిట్టాను ఇంటికి వచ్చాక తెరవవద్దు. పరీక్షల మార్కుల అప్‌లోడు వంటివి ఎలాగూ గడువుతో వస్తాయి, ఆ గడువులను మీ ప్రధానోపాధ్యాయులు, వాట్సాప్ గ్రూపు మిమ్మల్ని మర్చిపోనివ్వరు.

ఇక ఎర్ర అంకె. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కు నోటిఫికేషన్ అంకెను ఆపేయండి. మైక్రోసాఫ్ట్ టు డూలో ‘మై డే’ అనే పేజీ ఒకటుంది. రోజూ అర్ధరాత్రికి అది తనంతట తాను ఖాళీ అవుతుంది, నిన్న చేయని పని చెరిగిపోకుండా దాని అసలు చిట్టాలో ఉంటుంది, కానీ ఉదయాన్నే ఎదురుగా వచ్చి నిలదీయదు. మీకు దాన్ని సూచించడంలో సగం కారణం ఇదే. రోజూ ఉదయం కాఫీ వేళ మూడు పనులు మాత్రం ఆ పేజీలోకి తెచ్చుకోండి, నాలుగోది తేవద్దు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. గడువు తేదీ దాటిన పనిని ఆ యాప్ ఎరుపు రంగులో చూపిస్తుంది. ప్రతి పనికీ మనసుకు తోచిన తేదీ వేసుకుంటే వారం తిరిగేసరికి తెరంతా మళ్లీ ఎర్రబడుతుంది. ఎల్ఐసీ ప్రీమియం, పరీక్ష ఫీజు వంటి, దాటితే నిజంగా నష్టం కలిగే వాటికే తేదీ వేయండి.

ఇప్పుడు మీరు పంపిన చిట్టా దగ్గరకు వస్తాను. అందులో ‘అత్తగారి కళ్లు’ అని ఒక పంక్తి ఉంది. ‘పాప ఆధార్’ అని ఒకటి, ‘ఇల్లు సర్దాలి’ అని మరొకటి. ఇవి పనులు కావు, బెంగలు. 1927లో బ్లూమా జీగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, మధ్యలో ఆగిన పనులను మనుషులు పూర్తయిన పనులకంటే ఎక్కువగా గుర్తుంచుకుంటారని తన ప్రయోగాల్లో గమనించారు. తెల్లవారుజామున మూడింటికి మీ తలలో తిరిగేవి అలాంటివే. ఆ తిరుగుడు ఆగడానికి పని పూర్తి కావలసిన అవసరం లేదని, ఎప్పుడు, ఎలా చేస్తామో ఖచ్చితంగా అనుకుంటే చాలావరకు శాంతిస్తుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. పని తీరేదాకా మనశ్శాంతి ఉండదని నమ్మే మనకు ఇది పెద్ద ఊరట.

కాబట్టి ‘అత్తగారి కళ్లు’ అన్న చోట ‘గురువారం మధ్యాహ్నం విరామంలో కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి శనివారానికి అపాయింట్‌మెంటు తీసుకోవాలి’ అని రాయండి. షుగర్ ఉన్నవారికి ఏడాదికొకసారి రెటీనా పరీక్ష తప్పనిసరి కనుక దీన్ని ఇంకా వాయిదా వేయవద్దు. ‘పాప ఆధార్’ అంటే, పదిహేనేళ్లు నిండినవారు వేలిముద్రలు, కనుపాప మళ్లీ నమోదు చేయించుకోవాలన్నదే అనుకుంటాను. దానికి పాప స్వయంగా ఆధార్ కేంద్రానికి వెళ్లాలి కనుక ‘రెండో శనివారం పాపను తీసుకుని వెళ్లాలి, పాత కార్డు పట్టుకెళ్లాలి’ అని రాస్తే అది పని అవుతుంది. ‘ఇల్లు సర్దాలి’ అన్నదాన్ని కొట్టేయండి. అది ఏనాటికీ టిక్కు పడే పంక్తి కాదు, రోజూ మిమ్మల్ని తప్పు పట్టడానికే అక్కడ కూర్చుంది. అంతగా కావాలనుకుంటే ‘అటక మీది పాత పుస్తకాల పెట్టె దించాలి’ అని రాసుకోండి.

ఈ రాత పని పడుకునే ముందు అయిదు నిమిషాలు చేయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు రాబోయే పనులు రాసుకున్నవారు, అప్పటికే చేసేసిన పనుల గురించి రాసినవారికంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపట్టింది. చిన్న అధ్యయనమే, అందులోనూ వారంతా యువకులు. అయినా ఖర్చు లేని ప్రయత్నం కనుక చేసి చూడమంటున్నాను. ఆ వేళ ఫోన్ తెరిస్తే వాట్సాప్‌లోకి జారిపోతారనుకుంటే కాగితం మీద రాసి, ఉదయం యాప్‌లోకి ఎక్కించుకోండి.

ఇంతవరకు చెప్పింది ఎవరికైనా వర్తించే సలహా. మీ చిట్టాను రెండోసారి చదివినప్పుడు నాకు తోచింది వేరే విషయం. బడి పనులు పక్కన పెడితే ఇంటి పంక్తులు ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ మీ చేతిరాతే. వాటిలో గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, ఎల్ఐసీ, బాబు కాలేజీ ఫీజు రెండో వాయిదా, ఈఏపీసెట్ దరఖాస్తు, విశాఖలోనే ఉన్న మీ ఆడపడుచు గృహప్రవేశానికి చదివింపులు ఉన్నాయి. వీటిలో ఒక్కటి చేయడానికైనా మనిషి మీ ఊళ్లో ఉండనక్కరలేదు. అన్నీ ఫోన్ మీద విశాఖపట్నం నుంచే అయ్యేవి, పైగా బ్యాంకు ఉద్యోగికి మనకంటే సులువుగా అయ్యేవి. ఆయన దూరంగా ఉన్నారు కనుక ఇంటి పనులన్నీ మీ మీద పడ్డాయని మీరిద్దరూ అనుకుంటున్నారు. ఈ ఆరు పనుల విషయంలో దూరం సాకు మాత్రమే.

మీవారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఇది దేశమంతటా ఉన్న తీరు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అది చేతులతో చేసిన పనికి కొలత. సిలిండరు ఎప్పుడు మార్చామో, అత్తగారి మాత్రలు ఎన్ని మిగిలాయో, ఏ ఫీజుకు ఏది ఆఖరు తేదీయో తలలో మోస్తూ తిరగడానికి ఎవరూ నిమిషాలు లెక్కకట్టరు. ‘ఫోన్‌లో రాసుకుంటే సరిపోతుంది కదా’ అన్న మాటలోని లోపం అదే. మీ తలలోని బరువు మీ ఫోన్‌లోకి మారినా, అది మోయవలసింది మీరొక్కరే.

అందుకని మీవారు వచ్చే వారాంతంలో, పిల్లలు పడుకున్నాక, ఇద్దరూ కూర్చుని ‘ఇల్లు’ చిట్టాను ఆయన ఫోన్‌కు పంచండి. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అనండి: “నాకు సాయం చేయమని అడగడం లేదండీ. ఈ ఆరూ ఇక నుంచి మీవి. ఎప్పుడు కట్టాలో గుర్తు పెట్టుకోవడం కూడా మీదే. నేను అడగను.” చివరి మాట మరీ ముఖ్యం. రోజూ మీరు గుర్తు చేస్తే, ఆయన చేసిపెడితే, బరువులో పెద్ద భాగం మళ్లీ మీ దగ్గరే ఉండిపోతుంది. ఈఏపీసెట్ దరఖాస్తును తండ్రీ కొడుకులకు కలిపి అప్పగించండి. పదిహేడేళ్లు వచ్చిన కుర్రాడు తన పరీక్ష ఆఖరు తేదీ తనే చూసుకోగలడు.

అత్తగారిని కూడా ఈ ఏర్పాటులో కలుపుకోండి. ఆవిడకు యాప్ పనికిరాదు, కానీ గోడ మీది క్యాలెండరు ఉంది. పాలు రాని రోజులు, సిలిండరు మార్చిన తేదీ అందులో రాయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. మాత్రలు ఎప్పుడు అయిపోతాయో, ఎప్పుడు తెప్పించాలో ఆవిడే అందులో గుర్తు పెట్టేలా చూడండి. వారానికి సరిపడా మాత్రలు వేసుకునే గళ్ల డబ్బా మందుల దుకాణంలో దొరుకుతుంది, ఆదివారం పూట పాప దాన్ని నింపుతుంది. ఇన్సులిన్ మోతాదు మార్పుల వంటివి మాత్రం పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

పాలసీ నంబర్లు, పాస్‌వర్డులు, ఆసుపత్రి కాగితాల వివరాలు ఇలాంటి యాప్‌లలో దాచవద్దు. ఒకప్పుడు ఎంతోమంది వాడిన వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసి, 2020లో మూసేసింది. ఇప్పుడున్న టు డూ దాని స్థానంలో వచ్చిందే. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి, ముఖ్యమైనవి కాగితం మీద బీరువాలో ఉండాలి.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం గురించి మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నేను వదలలేను. రెండు వారాలకు మించి నిద్ర ఇలాగే ఉండి, దానికి తోడు కారణం లేకుండా ఏడుపు రావడం, తిండి మీద ఇష్టం తగ్గడం, ఇదివరకు నచ్చినవి నచ్చకపోవడం ఉంటే అది పనుల చిట్టాతో తీరే సంగతి కాదు. వైద్యుల దగ్గరకు వెళ్లండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలేమో కూడా వారినే అడగండి. ఈ వయసులో స్త్రీలలో అలసట వెనుక అవి ఉండటం మామూలే. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా, మీకు అన్నిటికంటే కష్టమయ్యే భాగం. మీవారు తన పంక్తుల్లో ఏదో ఒకటి మర్చిపోతారు, మొదటి నెలలోనే. బహుశా గ్యాస్ బుకింగు కావచ్చు. మీ వేలు ఫోన్ మీదికి వెళుతుంది, ఒక్క నిమిషంలో మీరే బుక్ చేసేస్తే పోయేదానికి గొడవెందుకు అనిపిస్తుంది. చేయవద్దు. కాలేజీ ఫీజు, దరఖాస్తుల వంటి, బాబుకు నష్టం కలిగే వాటిని ఆఖరు రోజుకు ముందు ఒక్కసారి చూసుకోండి. గ్యాస్ అలాంటిది కాదు. సిలిండరు అయిపోతే ఒకటి రెండు రోజులు కరెంటు పొయ్యి మీదో, పక్కింటి నుంచి తెచ్చిన సిలిండరు మీదో వంట అవుతుంది. సిలిండరు ఎందుకు రాలేదని అత్తగారు అడిగితే కొడుకుకే ఫోన్ కలిపి ఇవ్వండి.