సంకీర్ణంలో బాధ్యులెవరు?

సందేహం: ‘సంకీర్ణ ప్రభుత్వంలో ఆర్థిక స్థితికి బాధ్యులెవరో ఓటర్లకు తెలియదు’ అని ఒక వ్యాసంలో చదివాను. సంకీర్ణమంటే కలగాపులగం కదా, ప్రభుత్వానికి ఆ మాట తగునా? బాధ్యత, జవాబుదారీ ఒకటేనా?

సమాధానం: తగును. సంకీర్ణానికి మూలమైన ‘కౄ’ ధాతువుకు వెదజల్లడమని అర్థం. వికీర్ణం, ఆకీర్ణం, ప్రకీర్ణం దాని సంతానమే.

అసలు చూడవలసింది అదే ధాతువుకు పుట్టిన ‘సంకరం’. పద్యంలో రెండలంకారాలు ఒకచోట చేరితే మన ఆలంకారికులు ఊరికే కలయిక అని వదిలేయలేదు. నువ్వులూ బియ్యమూ కలిసినట్టు వేటికవి కనిపిస్తే సంసృష్టి అన్నారు. పాలూ నీళ్లూ కలిసినట్టు విడదీయరాకపోతే సంకరమన్నారు. ఎంత చక్కని విభజన! ఓటరు చిక్కు కూడా సరిగ్గా ఇదే. పావెల్, విటెన్ అనే రాజనీతి శాస్త్రజ్ఞులు 1993లో చూపింది ఇది: ఎవరి పాలనో స్పష్టంగా ఉన్నచోట ఆర్థిక స్థితి పాలక పక్షాల ఓట్లను గట్టిగా కదిలిస్తుంది, అధికారం పంచుకున్నచోట ఆ పట్టు సడలుతుంది. పంపకమంటే పార్టీల పొత్తు ఒక్కటే కాదు. ఎగువ సభ ప్రతిపక్షం చేతిలో ఉన్నా, సభా సంఘాల్లో ప్రతిపక్షానికి మాట చెల్లినా, పాలక పక్షంలోనే కట్టు లేకపోయినా పాలూ నీళ్లే.

అయినా ‘తెలియదు’ అని తేల్చేయడం తొందరపాటు. ఫ్రాన్స్‌లో 1997–2002 మధ్య అధ్యక్షుడు షిరాక్‌ది ఒక పక్షం, ప్రధాని జోస్పిన్‌ది మరొకటి. ఇలాంటి కాలాల్లో అక్కడి ఓటర్లు ఆర్థిక ఫలితాన్ని అధ్యక్షుడికన్నా ప్రధాని ఖాతాలోనే ఎక్కువగా వేశారని పరిశోధకులు గమనించారు. నువ్వులను ఏరుకోగలిగారన్నమాట.

ఇక రెండోది. చేయక తప్పనిది బాధ్యత. చేశాకో చేయకపోయాకో నిలదీస్తే చెప్పుకోవలసింది జవాబు. ఎన్నికల్లో ఓటరు అడిగేది ఎక్కువగా జవాబే కాబట్టి, ఆ వాక్యంలో ‘జవాబుదారీ ఎవరిదో’ అంటే నా చెవికి ఇంకా బాగుంటుంది. ‘బాధ్యులు’ తప్పని మాత్రం అనను. ‘బాధ్యత తీసుకోవడం’ ఒక్కటే సహించలేను. వహించడమనే నిండైన క్రియ ఉండగా ఈ తీసుకోవడాలు దేనికి? ‘సంకీర్ణ కూటమి ప్రభుత్వం’ అని రాసేవారు కూడా ఆ రెండు మాటల్లో ఒకదాన్ని దయచేసి వదిలిపెట్టాలి.