లాభనష్టాల లెక్కలు చేస్తున్న మనవరాలికి

చి. మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన లెక్కల కాగితాలు అందాయి. రెండుసార్లు నిదానంగా చదివాను. నీవు చేసిన 26 లెక్కల్లో 17 సరిగ్గా వచ్చాయి. తప్పిన 9 లెక్కల్లో ఒకటి గుణకారంలో దొర్లిన పొరపాటు కనుక దానిని పక్కన పెడుతున్నాను. మిగిలిన 8 లెక్కల్లోనూ నీ కూడికలు, తీసివేతలు, భాగహారాలు సవ్యంగానే ఉన్నాయి. శాతం దేనిమీద కట్టాలో తేల్చుకోకముందే నీ కలం ముందుకు కదిలింది. ఒకే తప్పు ఎనిమిది వేషాలు వేసుకుని వచ్చింది. దానిని ఒక్కసారి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎనిమిదీ చక్కబడతాయన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట నీ నాలుగో లెక్కను చూద్దాం. ఒక వస్తువును 690 రూపాయలకు అమ్మితే 15 శాతం లాభం వచ్చింది, కొన్నవెల ఎంత అన్నది ప్రశ్న. నీవు 690లో 15 శాతం కట్టి 103.50 తెచ్చావు, దానిని 690 నుంచి తీసివేసి కొన్నవెల 586.50 అని రాశావు. ఇప్పుడు ఆ జవాబునే పట్టుకుని ముందుకు నడిచి చూడు. 586.50 మీద 15 శాతం దాదాపు 88 అవుతుంది; రెండూ కలిపితే 674.50 కూడా రాదు. ప్రశ్నలో ఉన్నది 690. లాభం కొన్నవెల మీద వచ్చినది కాబట్టి, కొన్నవెలను 100 భాగాలుగా అనుకుంటే లాభం 15 భాగాలు, అమ్మినవెల 115 భాగాలు. 115 భాగాలు 690 అయినప్పుడు ఒక భాగం 6, నూరు భాగాలు 600. సరిచూసుకుంటే 600కు 90 కలిపి 690 వస్తుంది. పాతకాలం వారు త్రైరాశికం అన్నది దీనినే, ఇందులో కొత్త సూత్రమేదీ లేదు.

కాబట్టి నీకు నేనిచ్చే మొదటి సలహా ఇది. ఏ లెక్క మొదలుపెట్టినా, మరే అంకె వేయకముందు, చిత్తు కాగితం మీద ఒక వరుస రాయి: "100 అంటే ఏది?" అని అడిగి దాని పక్కన జవాబు రాయి. నాలుగో లెక్కకు "100 = కొన్నవెల" అని రాసి ఉంటే, 690 పక్కన 115 తప్ప మరొకటి పెట్టడానికి నీ చెయ్యి ఒప్పుకునేది కాదు. ప్రశ్నలో వేరుగా చెప్పనంతవరకు లాభశాతమైనా నష్టశాతమైనా కొన్నవెల మీదే కట్టాలి. తగ్గింపు శాతం, అంటే పాత పుస్తకాల్లో ముదరా అని కనిపించేది, ప్రకటన వెల (అమ్మేవాడు వస్తువు మీద వేసే వెల) మీద కట్టాలి. కొన్న తరువాత రవాణాకో మరమ్మతుకో ఖర్చు పెట్టినట్లు ప్రశ్నలో ఉంటే ఆ ఖర్చును కొన్నవెలలో కలిపిన తరువాతే దానిని 100 అనుకోవాలి. అప్పుడప్పుడు "అమ్మినవెల మీద 20 శాతం లాభం" అని స్పష్టంగా చెప్పిన లెక్కలూ వస్తాయి. అక్కడ అమ్మినవెల 5 భాగాలు, లాభం 1 భాగం, కొన్నవెల 4 భాగాలు; అదే లాభాన్ని కొన్నవెల మీద చెప్పాలంటే 25 శాతం అవుతుంది. లాభం ఒకటే అయినా దానిని దేనితో పోల్చామన్నదాన్ని బట్టి శాతం మారింది.

ఒకే లెక్కలో రెండు నూర్లు ఉన్నప్పుడు నీవు మరింత తడబడ్డావు. కొన్నవెల మీద 40 శాతం పెంచి ప్రకటన వెల వేసి, దానిమీద 25 శాతం తగ్గింపు ఇస్తే లాభమెంత అన్న లెక్కకు 40 నుంచి 25 తీసివేసి 15 శాతం అన్నావు. పెద్దవాడి చేతి మూరతో 40 మూరల గుడ్డ కొలిచి, అందులోంచి చిన్నపిల్లవాడి చేతి మూరతో 25 మూరలు కత్తిరిస్తే, మిగిలినది 15 మూరలని ఎవరూ అనరు. ఇక్కడ 40 శాతానికి నూరు కొన్నవెల, 25 శాతానికి నూరు ప్రకటన వెల. కొన్నవెల 100 అయితే ప్రకటన వెల 140, అందులో నాలుగో వంతు 35 పోగా 105 మిగులుతుంది, లాభం 5 శాతం మాత్రమే. ఇదే లెక్కను తిరగేసి కూడా అడుగుతారు: 20 శాతం తగ్గింపు ఇచ్చిన తరువాత కూడా 20 శాతం లాభం మిగలాలంటే కొన్నవెల కంటే ఎంత ఎక్కువగా ప్రకటన వెల వేయాలి? రెండు ఇరవైలూ కలిపి 40 అనే వారు చాలామంది. కానీ తగ్గింపు పోగా ప్రకటన వెలలో మిగిలే 80 భాగాలు కొన్నవెలలోని 120 భాగాలకు సమానం కావాలి. 80 భాగాలు 120 అయితే 100 భాగాలు 150. అంటే 50 శాతం ఎక్కువగా వేయాలి.

వరుస తగ్గింపులలోనూ ఇదే జరుగుతుంది. 20 శాతం తగ్గించి, మళ్ళీ 10 శాతం తగ్గిస్తే, రెండో తగ్గింపుకు నూరు అయ్యేది మొదటి తగ్గింపు తరువాత మిగిలిన 80. అందులో 8 పోతే 72 మిగులుతుంది కనుక మొత్తం తగ్గింపు 28 శాతం. ముందు 10, తరువాత 20 తగ్గించినా 90 నుంచి 18 పోయి అదే 72 వస్తుంది. గుణకారంలో వరుస మారినా లబ్ధం మారదు కాబట్టి దీని గురించి సందేహం పెట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు నేను స్వయంగా తప్పిన లెక్క ఒకటి చెబుతాను, ఎందుకంటే నీ పంతొమ్మిదో లెక్కలో నా పాత తప్పే కనబడింది. రెండు వస్తువులను ఒక్కొక్కటి 990 రూపాయలకు అమ్మగా ఒకదానిమీద 10 శాతం లాభం, మరొకదానిమీద 10 శాతం నష్టం వచ్చాయి. చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో ఈ లెక్కకు నేను లాభమూ లేదు, నష్టమూ లేదు అని ఒక్క వరుసలో జవాబు రాసి, ఎంత తొందరగా చేశానో అని సంతోషించాను. మార్కులు వచ్చాక చాలా రోజులు బాధపడ్డాను. మొదటి దానిలో 110 భాగాలు 990, కొన్నవెల 900. రెండో దానిలో 90 భాగాలు 990, కొన్నవెల 1,100. రెండూ కలిపి కొన్నది 2,000కు, అమ్మినది 1,980కి. నష్టం 20 రూపాయలు, అంటే 1 శాతం. నష్టశాతం కట్టిన వస్తువు కొన్నవెల పెద్దది కాబట్టి దానిమీద నష్టపోయిన పది శాతం, మొదటి దానిమీద లాభంగా వచ్చిన పది శాతాన్ని మించిపోయింది.

ఈ రకం లెక్కకు ఒక సూత్రం ఉంది: శాతాన్ని దానితోనే గుణించి 100తో భాగిస్తే నష్టశాతం వస్తుంది. 10కి 1, 20కి 4. సూత్రం నిజమే, పోటీ పరీక్షలో సమయమూ మిగులుస్తుంది. కానీ అది అమ్మినవెలలు రెండూ సమానమైనప్పుడే పనిచేస్తుంది. ప్రశ్నలో ఒక్క మాట మార్చి కొన్నవెలలు సమానమని ఇస్తే, 1,000కి కొన్నదాన్ని 1,100కి, 1,000కి కొన్న మరొకదాన్ని 900కి అమ్మినట్లవుతుంది, అక్కడ నిజంగానే లాభమూ లేదు, నష్టమూ లేదు. చాలా ఏళ్ళు గణితం చెప్పినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, సూత్రాల పట్టికను ముందుగా కంఠస్థం చేసిన పిల్లలు సరిగ్గా ఇలాంటి చోట్లే పడిపోతారు. తొలి సంవత్సరాల్లో నేను కూడా ఆ పట్టికనే నల్లబల్ల మీద రాయించాను, ప్రశ్న కొంచెం పక్కకు జరిగేసరికి తరగతి అంతా ఆగిపోవడం చూశాక ఆ పద్ధతి మానేశాను. ముందు భాగాలతో చేయి, నీ అంతట నీకు సూత్రం కనబడిన తరువాత దానిని వాడుకో.

వెలలు అసలు ఇవ్వకుండా వస్తువుల సంఖ్య మాత్రమే ఇచ్చే ప్రశ్నలను చూసి నీవు బెదిరినట్లున్నావు, రెండింటిని ఖాళీగా వదిలేశావు. 15 వస్తువుల కొన్నవెల 12 వస్తువుల అమ్మినవెలకు సమానం అన్నప్పుడు, ఒకడు 15 వస్తువులు కొన్నాడని ఊహించుకో. అందులో 12 అమ్మేసరికి అతని పెట్టుబడి అంతా తిరిగి వచ్చేసింది. చేతిలో ఇంకా 3 మిగిలి ఉన్నాయి. 12 వస్తువులు పెట్టుబడి మొత్తాన్ని తెచ్చాయి కనుక 3 వస్తువులు దానిలో నాలుగో వంతు తెస్తాయి, లాభం 25 శాతం. 3ను 15తో భాగించి 20 శాతం అనడం ఇక్కడ అందరూ చేసే తప్పు. అలాగే 6 వస్తువులను 5 రూపాయలకు కొని, 5 వస్తువులను 6 రూపాయలకు అమ్మిన లెక్కలో భిన్నాలతో కుస్తీ పట్టవద్దు. 6కూ 5కూ కనిష్ఠ సామాన్య గుణిజం 30 కాబట్టి 30 వస్తువులు తీసుకో. కొన్నది 25కు, అమ్మినది 36కు. 25 మీద 11 లాభమంటే 44 శాతం.

తూకం తగ్గించి అమ్మే లెక్కనూ, మూడు కొంటే ఒకటి ఉచితం అనే లెక్కనూ పక్కపక్కన పెట్టుకుని చేయమని ప్రత్యేకంగా చెబుతున్నాను. కిలో అని చెప్పి 900 గ్రాములు మాత్రమే కొన్నవెలకే ఇచ్చేవాడు నిజంగా ఖర్చు పెట్టినది 900 గ్రాముల వెల, రాబట్టినది 1,000 గ్రాముల వెల. నూరు అయ్యేది అతని ఖర్చు కనుక, ఇవ్వకుండా మిగుల్చుకున్న 100 గ్రాములను 900 గ్రాములతో పోల్చాలి. లాభం తొమ్మిదో వంతు, అంటే 11 శాతానికి కొంచెం పైన. ఉచితం లెక్కలో చేతికి వచ్చినవి నాలుగు, ఆ నాలుగింటి ప్రకటన వెలే నూరు, అందులో ఒకదాని వెల తగ్గింది, కాబట్టి తగ్గింపు 25 శాతం. ఒకచోట నూరు చిన్న సంఖ్య అయింది, మరొకచోట పెద్ద సంఖ్య అయింది. ఈ రెండింటినీ తడబడకుండా చేయగలిగిన రోజున నాకు ఫోను చేసి చెప్పు, చాలా సంతోషిస్తాను.

భిన్నాలు కొన్ని నోటికి వచ్చి ఉండటం మంచిది. పన్నెండున్నర శాతం ఎనిమిదో వంతు, పదహారున్నర కంటే కొద్దిగా ఎక్కువైన శాతం ఆరో వంతు, ముప్పైమూడు పైచిలుకు మూడో వంతు. పన్నెండున్నర శాతం లాభంతో 1,350కి అమ్మారంటే కొన్నవెల 8 భాగాలు, అమ్మినవెల 9 భాగాలు, ఒక భాగం 150, కొన్నవెల 1,200. దశాంశాలతో కాగితం నింపనక్కరలేదు.

చివరి కాగితం అడుగున పెన్సిలుతో "శాతాలను ఎప్పుడూ కూడకూడదా తాతయ్యా?" అని రాశావు. మంచి ప్రశ్న. నూరు ఒకటే అయినప్పుడు నిస్సంకోచంగా కూడవచ్చు, తీసివేయవచ్చు. 5 శాతం నష్టానికి అమ్మిన వస్తువును మరో 60 రూపాయలు ఎక్కువకు అమ్మి ఉంటే 10 శాతం లాభం వచ్చేది, కొన్నవెల ఎంత అని అడిగారనుకో. నష్టమూ లాభమూ రెండూ ఒకే కొన్నవెల మీద కట్టినవి కాబట్టి 95 భాగాల నుంచి 110 భాగాల వరకు ఉన్న 15 భాగాలే ఆ 60 రూపాయలు. ఒక భాగం 4, కొన్నవెల 400. 380కి అమ్మితే 20 నష్టం, 440కి అమ్మితే 40 లాభం, సరిపోయింది.

తప్పిన తొమ్మిది లెక్కలనూ, ఖాళీగా వదిలిన రెండింటినీ మళ్ళీ చేసి పంపు. తొందర లేదు, రోజుకు రెండు చాలు. ప్రతి లెక్కకూ మొదటి వరుసలో "100 = " అని రాసిన తరువాతే మిగతాది చెయ్యి; నేను ముందుగా ఆ వరుసనే చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య