జేడ్ మొక్క ఆకులు మెత్తబడితే

కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలో రోజూ నీళ్లు పోస్తున్నా జేడ్ ఆకులు పసుపుబారి, మెత్తబడి రాలిపోతున్నాయన్నారు కదండీ. ఆ రోజూ పోయడమే సమస్య. టెన్షన్ వద్దు, కాండం గట్టిగా ఉంటే బతుకుతుంది.

కుండీలోంచి తీసి, మట్టి దులిపి వేళ్లు చూడండి. నల్లగా, మెత్తగా కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేయండి. నాలుగైదు రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి. ఎండిపోతుందని భయపడకండి, నీళ్లు ఆకుల్లోనే దాచుకునే మొక్క అది. తర్వాత చిల్లున్న మట్టికుండీలో సగం మట్టి, సగం పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లటి గుళికలు, నీరు నిలవనివ్వవు) కలిపి నాటండి. వారం దాకా నీళ్లు వద్దు, ఎరువు అసలే వద్దు. ఇక మీదట మట్టి లోపల కూడా ఆరాకే పోయండి. వానాకాలంలో జల్లు కొట్టని మూలకు జరపండి.

కాండం అడుగు కూడా కుళ్లిందా? పైనున్న గట్టి కొమ్మ కోసి, ఆరబెట్టి నాటండి. జేడ్ కొమ్మతో సులువుగానే వస్తుంది.