పిస్టల్ కొనబోతున్న మేనల్లుడికి

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లైసెన్సు చేతికొచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినిపించింది. నువ్వేమో ఆ రాత్రే రెండు ఫోటోలు పంపి "మావయ్యా, వీటిలో ఏది?" అన్నావు. ఒకటి పాత జర్మన్ పిస్టల్, ధర లక్షల్లో. రెండోది మన దేశంలోనే తయారైన కొత్త అశని పిస్టల్. ఒక ముక్కలో చెప్పేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నీ నగల షాపు కట్టేశాక తీరిగ్గా చదువుకో.

ముందు ధర సంగతి. పాత విదేశీ పిస్టల్‌కి మన దగ్గర పలికే రేటు దాని పనితనానికి కట్టిన రేటు కాదు. మామూలు మనుషులు బయటి దేశాల నుంచి తుపాకులు తెప్పించుకోవడాన్ని ప్రభుత్వం 1980ల్లోనే ఆపేసింది. అప్పటికే దేశంలో ఉన్నవే ఇన్నేళ్లుగా చేతులు మారుతున్నాయి. కొత్తవి రావు, కావాలనే వాళ్లు తగ్గరు. మిర్చి యార్డుకు సరుకు రాని ఏడాది తాలు కాయకు కూడా రేటు పలకడం చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నువ్వే చూశావు. కాయ మారలేదు, కరువు పెరిగిందంతే. నీకు చూపించిన ఆ జర్మన్ పిస్టల్, వాల్తర్ పీపీకే, 1931లో వచ్చిన డిజైన్. మంచి డిజైనే, కాదనను. కానీ నువ్వు కొనేది డిజైన్ కాదు, ఎన్ని చేతులు మారిందో, ఎన్ని తూటాలు కాల్చిందో ఎవరూ చెప్పలేని ఒక్క పీసు.

ఇది తెలుసుకోవడానికి నాకు చాలానే ఖర్చయింది. యార్డులో కమీషన్ వ్యాపారం బాగా నడిచే రోజుల్లో రైతుల డబ్బు పట్టుకుని పల్నాడు ఊళ్లకు తిరిగేవాణ్ణి. లైసెన్సు రాగానే ఇంకో లైసెన్సుదారు దగ్గర ఒక పాత ఫారిన్ .32 (తూటా కొలత అది) పిస్టల్ కొన్నాను. నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. మొదటిసారి రేంజిలో కాలిస్తే నాలుగో తూటాకే కాలిన తూటా ఖాళీ గొట్టం బయటికి రాకుండా స్లైడులో, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగంలో, ఇరుక్కుపోయింది. ఆ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, అరిగిపోయిందన్నారు. దాని స్పేరు ఎక్కడా దొరకలేదు. లైసెన్సు ఉన్న మెకానిక్కు ఒకాయన ఫైలు పట్టి చేత్తో తయారుచేసి వేశాడు. ఇరవై రౌండ్లు బాగానే కాలింది, మళ్లీ అదే రోగం. మూడుసార్లు అలా చేయించాను. ఈ మధ్యలో దాన్నే నడుముకు పెట్టుకుని డబ్బు సంచితో బస్సెక్కేవాణ్ణి. దొంగలు వస్తారన్న భయం కంటే, వస్తే ఇది పేలుతుందా అన్న భయమే ఎక్కువ ఉండేది. చివరికి నష్టానికి అమ్మేశాను. ఆ అమ్మకం కూడా చేతిలో చెయ్యి వేసినంత తేలిక కాదు. ఇంకో లైసెన్సుదారుకు అమ్మాలంటే ముందు కలెక్టరుకో స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలని ఆయుధాల చట్టం చెబుతుంది. నీకు జర్మన్ దాన్ని అమ్ముతానన్న పెద్దమనిషి "వారంలో చేతికిస్తా" అన్నాడని రాశావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఇక అశని. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల, అంటే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సరుకు, .32 పిస్టల్. అశని అంటే పిడుగు అని నీకు చెప్పక్కర్లేదు. పేరు చూసి మురిసిపోకు. ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చినా పీసుకూ పీసుకూ తేడా ఉంటుంది. మిర్చి బస్తా కొనేటప్పుడు పై కాయ చూసి రేటు కట్టేవాడు యార్డులో నెల రోజులు బతకడు, బస్తా కడుపులో చెయ్యి పెట్టి తీస్తాడు. పిస్టల్ విషయంలో ఆ కడుపు మ్యాగజైనే, తూటాలు నింపే డబ్బా. చాలామంది కొనేటప్పుడు బారెల్లోకి తొంగిచూసి, గ్రిప్ పట్టుకుని, బాగుందంటారు. ఆగిపోయే పిస్టళ్లలో చాలావాటికి రోగం మ్యాగజైన్ దగ్గరే మొదలవుతుంది. తూటాను పట్టి ఉంచే పై పెదాలు రెండూ సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా సొట్ట ఉందా, స్ప్రింగు తూటాను గట్టిగా పైకి తోస్తోందా చూడు. డీలరు దగ్గర రెండు మూడు పీసులు బయటికి తీయించు. మొహమాటపడకు, డబ్బు నీది.

.32 తూటాకు ఒక ప్రత్యేకమైన పేచీ ఉంది. 1899 నాటి ఈ తూటాకు అడుగున అంచు ఒంటి కంటే కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక్కి పడిందనుకో, రెండూ ఒకదానికొకటి తగులుకుని కదలవు. స్లైడు ఎన్నిసార్లు లాగినా విడదు, మ్యాగజైన్ బయటికి తీసి పుల్లతో పొడవాలి. పొట్టి తూటాలు వేస్తే ఇది ఎక్కువ, ఎందుకంటే లోపల ముందుకూ వెనక్కూ జరగడానికి చోటు ఉంటుంది. అందుకే ప్రతి తూటా అంచు కిందిదాని అంచుకు ముందు ఉండేలా ఓపిగ్గా ఒక్కొక్కటే నింపు. నింపాక మ్యాగజైన్ వెనక భాగాన్ని అరచేతికి తట్టు. ఎప్పుడూ ఒకే రకం తూటా వాడు. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త, జర్మన్ పిస్టల్‌కీ అశనికీ తేడా లేకుండా పనిచేస్తుంది.

9 ఎంఎం దొరుకుతుందా అని కూడా అడిగావు. అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు మనుషులకు నిషేధించిన కొలత, నీ లైసెన్సుకు రాదు. ఎవడైనా బీహార్ సరుకనో మరొకటనో చవగ్గా నాటు పిస్టల్ చూపిస్తే ఆ షాపు మెట్లు దిగేసెయ్. అది పేలకపోవడం అదృష్టం, పేలితే నీ చేతిలోనే పేలుతుంది, ఆపైన జైలు.

రివాల్వర్ సంగతి నువ్వు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. పాత పిస్టల్ అమ్మేశాక నేను తీసుకున్నది ఫ్యాక్టరీ .32 రివాల్వరే. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే, సిలిండర్ తిరిగి ఇంకో తూటా వస్తుంది. పిస్టల్‌లో అయితే స్లైడు లాగాలి, రెండో చెయ్యి కావాలి. నీ రెండో చేతిలో నగల బ్యాగు ఉంటుందిగా! కాన్పూరులో చేసే నిర్భీక్ రివాల్వర్ అర కిలో బరువే. 2014లో వచ్చినప్పుడు లక్షా ఇరవై వేల పైచిలుకు అన్నారు. ఆ తర్వాత 2023లో ప్రబల్ వచ్చింది, 700 గ్రాములు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి తూటాలు నింపడం తేలిక. అయితే రివాల్వర్ పొట్ట లావు, చొక్కా కింద ఉబ్బుగా కనిపిస్తుంది. ట్రిగ్గర్ కూడా బరువుగా లాగాలి, అలవాటు లేకపోతే గురి పక్కకు పోతుంది. పల్చగా ఉండాలని నీకు పట్టుదల ఉంటే పిస్టలే తీసుకో, నేను అడ్డం పడను.

బరువు గురించి ఒక్క మాట. షాపులో చేతిలో పట్టుకుంటే అర కిలోకీ ముప్పావు కిలోకీ పెద్ద తేడా తెలియదు. మే నెలలో మీ బెజవాడ బీసెంట్ రోడ్డులో మధ్యాహ్నం రెండింటికి నడిచి చూడు, అప్పుడు తెలుస్తుంది. ఒంటికి అంటుకునే దేన్నయినా బెజవాడ చెమట తినేస్తుంది. తోలు హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, ఆ తడిని పీల్చి పట్టి ఉంచుతుంది. రాత్రి ఇంటికి రాగానే తీసి, ఖాళీ చేసి, పొడి గుడ్డతో తుడిచి, నూనె పల్చగా పూసి లాకర్లో పెట్టు. హోల్‌స్టర్‌లోనే వదిలేయకు. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి అదో తలనొప్పి. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది, అప్పుడు కూడా నూనె పూసి, రశీదు తీసుకుని ఇవ్వు. లాకర్ తాళం నీ దగ్గరే ఉండాలి. ఇంట్లో పిల్లలున్నారు, ఈ విషయంలో కోడలి మాట నా మాట కంటే ఎక్కువ విను.

డబ్బు లెక్క నా మట్టుకు నేను ఇలా వేస్తాను. జర్మన్ దానికి పెడదామనుకున్న మొత్తంలో చిన్న భాగమే తుపాకీకి. మిగిలిన దాంట్లోంచి రెండు అదనపు మ్యాగజైన్లు, గోడకు బిగించే లాకరు, గట్టి బెల్టు, తూటాలు. తూటాలు లైసెన్సులో రాసిన కోటా దాటి కొనలేవు, కాబట్టి వాటిని పొదుపుగా వాడాలి. డమ్మీ తూటాలతో ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి సాధన చెయ్యి. అనుమతి ఉన్న రేంజికి వెళ్లినప్పుడు మాత్రం జేబులో పెట్టుకుని తిరిగే రకం తూటాలే కాల్చు. ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింటుతో ఒక అంకె వెయ్యి. ఎక్కడ ఆగినా ఏ అంకెదో నోట్‌బుక్కులో రాసుకో. ఒకే మ్యాగజైన్ రెండుసార్లు ఆగితే దాన్ని పక్కన పడెయ్. అన్నీ ఆగుతుంటే పిస్టల్‌కో తూటాకో రోగం. నీ చేతిలో ఆగి పక్కవాడి చేతిలో ఆగకపోతే మణికట్టు వదులుగా ఉంచి పట్టుకుంటున్నావన్నమాట. కనీసం వంద రౌండ్లు ఏ పేచీ లేకుండా కాలేదాకా దాన్ని నమ్ముకుని బయటికి వెళ్లకు. ఒకే ఏడాది అన్ని తూటాలు కుదరకపోతే రెండేళ్లు పట్టనీ, ఈలోపు హైదరాబాద్ సరుకు ఇద్దరు మనుషులతో పంపించు.

హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది. నీ లైసెన్సులో ఏ ప్రాంతానికి చెల్లుతుందని రాశారో చూశావా? ఆంధ్రప్రదేశ్ వరకే అయితే తెలంగాణ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాటగానే నీ దగ్గరున్నది లైసెన్సు లేని తుపాకీతో సమానం. ఇంకో సంగతి, పెళ్లిలో గాల్లోకి కాల్చమని మీ బావమరదులు అడుగుతారు. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలుంది, చెప్పెయ్.

ఆదివారం కోడలినీ పిల్లల్నీ తీసుకుని రా. మీ అత్తయ్య పండుమిర్చి పచ్చడి పట్టింది, రెండు సీసాలు పట్టుకెళ్లు. లైసెన్సు బుక్కు తీసుకురా, ఆ ప్రాంతం గడిలో ఏం రాశారో నేను కళ్లజోడు పెట్టుకుని చూస్తాను. అడ్వాన్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు.

మీ మామయ్య