గండుపిల్లికి షుగరు, కిడ్నీ జబ్బు రెండూ: ముందు సిరంజి మార్చండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. పత్తి, వరి ఏస్తం. వడ్ల బస్తాల కాడ ఎలుకలు పట్టే గండుపిల్లి ఉన్నది, పదకొండేండ్లది. నాలుగు నెలల సంది నీళ్లు మస్తు తాగుతున్నది, బక్కగైంది. ఐదున్నర కిలోలుండేది, ఇప్పుడు మూడు కిలోల ఆరు వందలు. అది ఉచ్చ పోసిన కాడ చీమలు పడుతున్నయి. ఊర్ల సెలైన్ పెట్టిచ్చి, అదే రోజు హన్మకొండకు తీస్కపోతే షుగరు 410, క్రియాటినిన్ 3.4 అన్నరు, కిడ్నీలు గూడ దెబ్బతిన్నయన్నరు. గ్లార్జిన్ ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్, రాత్రి ఒక యూనిట్ ఇయ్యమన్నరు. మా ఆయనకు గూడ షుగరే, ఆయన సిరంజితోనే ఇస్తున్న. మొన్న పగటీలి కాళ్లు తడబడి పడ్డది, వణికింది. పాలన్నం నాకిచ్చినంక తేరుకున్నది. ఇన్సులిన్ ఆపాల్నా? షుగరు తగ్గిస్తె కిడ్నీలు పోతయా? మా ఆయన మెట్‌ఫార్మిన్ గోళి సగం ఇయ్యచ్చా? తిండి ఏం పెట్టాలె?
– ఒక మహిళా రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది ఆ 410 కాదు, ‘ఆయన సిరంజితోనే ఇస్తున్న’ అన్న మాట. అందుకే ఆ రోజే మీకు ఫోన్ చేసి సిరంజి ఫొటో అడిగాను. అనుకున్నట్టే ఎర్రమూత సిరంజి. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. ఇంట్లో ఒకరికి షుగరుండి, పిల్లికో కుక్కకో ఇన్సులిన్ ఇచ్చే వాళ్లు ఇంకా ఉంటారు కనుక మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మన మందుల షాపుల్లో సీసా ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మీ ఆయన వాడేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్రమూత. గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజి కావాలి. ఎర్రమూత సిరంజిలో ఒక గీత అంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. ఆ గీత దాకా గ్లార్జిన్ లాగితే వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. డాక్టరు రాసింది సరైన డోసే. మీరూ ఒక్క గీతే లాగారు. అయినా పిల్లికి పడింది రెండున్నర రెట్లు. మనిషికైతే ఒకటిన్నర యూనిట్ ఎక్కువైనా తెలియకపోవచ్చు. మూడున్నర కిలోల పిల్లికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

దానికి తోడు కిడ్నీలు. ఒంట్లో పని ముగించుకున్న ఇన్సులిన్‌ను తీసేయడంలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి నీరసించినప్పుడు ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. నిన్న సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువ కావచ్చు. మొన్న మీ పిల్లి పడిపోవడం షుగరు బాగా దిగిపోవడం వల్లేనని నా అభిప్రాయం. పాలన్నం నాకగానే తేరుకుంది చూశారా, అదే గుర్తు. ఆ పూట మీరు పొలంలో ఉండి ఉంటే దక్కేది కాదు.

అయితే ఇన్సులిన్ మానేయాలా? వద్దు. పూర్తిగా ఆపితే ఒంట్లోని కొవ్వు విరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. పిల్లి తిండి మానేస్తుంది, కక్కుతుంది, నోటి నుంచి గోళ్లరంగు తుడిచే మందు లాంటి వాసన వస్తుంది. అప్పటికే కిడ్నీలు బలహీనమైన పిల్లి దాన్ని తట్టుకోవడం కష్టం. మీ డాక్టరుతో మాట్లాడి, నారింజ మూత సిరంజిలో 30 యూనిట్లదే అడిగి తెచ్చుకోండి. పెద్ద సిరంజిలో ఒక్కో గీత రెండు యూనిట్లుంటుంది, దాంట్లో ఒక యూనిట్ కొలవడం అంచనా పనే. డోసు ఒకటి నుంచి మొదలుపెట్టాలా, అర నుంచా అన్నది ఆయన చూసి చెప్పాలి. నేనైతే అర యూనిట్‌తో మొదలుపెడతాను. డోసు చిన్నదిగా ఉందని గ్లార్జిన్‌లో నీళ్లు కలిపి పలచన చేయడం మాత్రం కుదరదు, దాని పనితీరే చెడిపోతుంది.

ఇక ఆ 410 సంగతి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి 70 నుంచి 150 దాకా ఉంటుంది. గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, బస్సులో హన్మకొండ దాకా తెస్తే భయానికే షుగరు 300 దాటే పిల్లులున్నాయి, ఏ జబ్బూ లేకుండానే. పొద్దున ఊళ్లో ఎక్కించిన సెలైన్ డీఎన్ఎస్ అయితే అందులో ఉన్నదే గ్లూకోజు. కనుక ఒక్క 410 చూసి నేను షుగరు జబ్బని రాయను. నాలుగు నెలల దాహం, దాదాపు రెండు కిలోల తగ్గుదల, మూత్రంలో షుగరుందని చెప్పే ఆ చీమలు, ఇవన్నీ కలిస్తే మాత్రం జబ్బు ఉన్నట్టే. పిల్లి రక్తంలో షుగరు సుమారు 250–290 దాటితే తప్ప మూత్రంలోకి దిగదు. సందేహం ఉంటే ఫ్రక్టోజమిన్ అనే పరీక్ష చేయించండి. అది గత వారం పది రోజుల షుగరు ఎలా ఉందో చెబుతుంది, బస్సు భయానికి మారదు.

క్రియాటినిన్ అనేది కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం. అది 3.4 అంటే పిల్లుల కిడ్నీ జబ్బు నాలుగు దశల్లో మూడోది. కానీ ఒంట్లో నీరు తగ్గిన రోజు తీసిన రక్తంలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కండ కరిగిపోయిన పిల్లిలో తక్కువ చూపిస్తుంది. మీ పిల్లికి రెండూ ఉన్నాయి. నీరు కోలుకున్నాక మళ్లీ చేయించి అప్పుడు దశ నిర్ణయించాలి.

షుగరు తగ్గిస్తే కిడ్నీలు పోవు. పైగా షుగరు ఎక్కువగా ఉన్నంత కాలం మూత్రంతో పాటు నీరు పోతూనే ఉంటుంది, ఒళ్లు ఎండితే కిడ్నీలకు దెబ్బ. కాకపోతే ఎంత తగ్గించాలన్న దగ్గరే మా పశువైద్యుల్లోనూ కొందరు తొందరపడతారు. మీ పిల్లికి రోజంతా 120 నుంచి 300 మధ్య తిరిగితే నాకు చాలు. 80 కిందికి వచ్చిందంటే డోసు తగ్గించాల్సిందే. షుగరు నాలుగు రోజులు 300 ఉంటే పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతుంది, అంతే. ఒక్క మధ్యాహ్నం 35 అయితే చచ్చిపోవచ్చు. ఇంకో మాట. సరైన డోసు ఇస్తున్నా షుగరు దిగకపోతే డోసు పెంచుకుంటూ పోకండి. ముందు మూత్రాన్ని కల్చర్‌కు, అంటే క్రిములున్నాయేమో చూసే పరీక్షకు పంపించండి. షుగరున్న, పైగా పలచబడిన మూత్రంలో క్రిములు ఇట్టే పెరుగుతాయి. పిల్లి ఏ బాధా చూపించదు, ఇన్సులిన్ మాత్రం పనిచేయదు. చెడిన పళ్లు, స్టెరాయిడ్ సూదులు కూడా ఇదే పని చేస్తాయి. ఊళ్లో సెలైన్‌తో పాటు సూది ఏమైనా వేశారేమో చీటీ అడిగి కనుక్కోండి.

మీ ఆయన గ్లూకోమీటరు వాడుకోవచ్చు. చెవి అంచున సన్నని రక్తనాళం ఉంటుంది, చెవిని వెచ్చని గుడ్డతో రెండు నిమిషాలు అదిమి, సూదితో చిన్నగా గుచ్చితే చుక్క వస్తుంది. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలుకన్నా తక్కువ చూపించడం మామూలు. కానీ కిడ్నీ జబ్బులో రక్తం తగ్గిపోతుంది, రక్తహీనత ఉంటే అదే మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు తప్పులూ చెరో వైపు లాగుతాయి. అందుకని ఒకసారి ల్యాబులో రక్తం తీసే సమయానికే మీ మీటరుతోనూ చూసి, తేడా ఎంతో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున సూది వేసినప్పటి నుంచి రెండు గంటలకోసారి, పన్నెండు గంటల పాటు చూడండి. ఆ కాగితం డాక్టరు చేతిలో పెడితే నేను రాసే ఈ సలహా కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మెట్‌ఫార్మిన్ ఇవ్వకండి. అది ఒంట్లోంచి పోవాల్సింది కిడ్నీల గుండానే, అవి పాడైతే పేరుకుంటుంది. పిల్లులకు దానితో ఒరిగేదీ లేదు. అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లుల షుగరుకు బెక్సాగ్లిఫ్లోజిన్ అనే గోళీకి అనుమతి వచ్చింది. ఆ వార్త చూసి ఇంట్లో ఉన్న డాపాగ్లిఫ్లోజిన్, అంటే అదే కోవకు చెందిన మనుషుల షుగరు గోళీ, విరిచి వేసేవారుంటారు. ఆ అనుమతి అంతకుముందు ఇన్సులిన్ వాడని, షుగరు తప్ప మరే జబ్బూ లేని పిల్లులకే. మీది రెండు లెక్కల్లోనూ రాదు. నొప్పులకు పారాసిటమాల్ అసలే వద్దు, పిల్లికి అది విషం.

తిండి విషయంలో రెండు జబ్బులూ ఎదురెదురు నిలబడతాయి. షుగరుకు మాంసం ఎక్కువ, అన్నం తక్కువ కావాలి. కిడ్నీకి భాస్వరం తక్కువ ఉండాలి, అంటే ఎముకలు, చేప తలకాయలు తగ్గాలి. షాపుల్లో దొరికే కిడ్నీ పిల్లుల పొడి తిండిలో పిండి పదార్థం ఎక్కువ. ఏది గెలవాలి? నా లెక్కలో మొదటి స్థానం పిల్లి తినే తిండికి. తినని పిల్లికి ఏ సూత్రమూ పనికిరాదు, ఇన్సులిన్ కూడా ఇవ్వలేం. పాలన్నం మాన్పించండి, షుగరు దిగినప్పుడు మందుగా మాత్రమే ఉంచుకోండి. ఎముక లేని కోడి మాంసం ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ఉడికించిన నీళ్లతో సహా పెట్టండి. ఉడికించిన తెల్లసొన కలపండి, అందులో భాస్వరం తక్కువ. ఎండు చేపలు వద్దు. ఇంటి మాంసం మీదే నెలల తరబడి ఉంచితే టౌరిన్ అనే పోషకం తక్కువై గుండె, కళ్లు చెడవచ్చు. దాన్ని విడిగా కలపాలి, లేదా సగం తడి డబ్బా తిండి పెట్టాలి. ముందు తినాలి, తర్వాత సూది. సగమే తింటే సగం డోసు. అసలు ముట్టకపోతే ఆ పూట సూది ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

తల పైకెత్తలేక గడ్డం ఛాతీకి వాల్చి నడిస్తే పొటాషియం పడిపోయినట్టు. కిడ్నీ జబ్బులో మూత్రంతో పోయేది పోగా, ఇన్సులిన్ మిగిలినదాన్ని కణాల్లోకి నెడుతుంది. ఆలస్యం చేయకుండా రక్తం చూపించాలి. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి నడవడం వేరు, అది షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న గుర్తు. షుగరు అదుపులోకి వస్తే కొంత బాగుపడుతుంది. చర్మం కింద సెలైన్ ఎక్కించమంటే రింగర్ లాక్టేట్ అడగండి, డీఎన్ఎస్ కాదు.

ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి. గడ్డకడితే పారేయాల్సిందే. ఎండాకాలం కరెంటు పోతే సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నీళ్ల కుండ పక్కన తడి గుడ్డలో పెట్టండి. మబ్బుగా కనిపిస్తే వాడకండి, గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి.

గ్లూకోజ్ పొడి ఒక డబ్బా వంటింట్లో అందేచోట పెట్టుకోండి. మళ్లీ తూలితే తడి వేలికి అద్ది చిగుళ్లకు రాయండి. ఫిట్స్‌లో ఉంటే నోట్లో వేలు పెట్టకండి, వెంటనే బయలుదేరండి. మామునూరు పశువైద్య కళాశాలకు తెచ్చేటప్పుడు సీసా, సిరంజి, మీటరు మూడూ వెంట తీసుకురండి.

చివరగా, మీరు అడగకపోయినా ఒక విషయం. సూది వేశాక ఆరేడు గంటలు దాన్ని బయటికి వదలకండి, గడ్డివాము వెనక పడిపోతే ఎవరికీ కనిపించదు. నిజానికి షుగరు పిల్లికి ఎలుకలో అన్నం లాంటి పిండి ఉండదు కనుక, ఇంట్లో ఒకటి పట్టుకు తిన్నా నేను కోప్పడను. కానీ పొలంలోనో గోదాములోనో ఎలుకల మందు పెట్టిన రోజుల్లో ఆ ఎలుకనూ తిననివ్వొద్దు.